బ్రాకెట్టు లోపలివాళ్ళకీ బొట్టు

మా చెల్లెలు కోటేశ్వరమ్మ కోడలు అనసూయ రేపల్లెలో ఒక ప్రైవేటు హైస్కూల్లో టీచరు. కాపురం అంగలకుదురులో, మా ఇంటికి రెండు సందుల అవతల. పొద్దున్నే ఆటోలో తెనాలి స్టేషనుకి వెళ్ళి, అక్కడ రేపల్లె బండి ఎక్కుతుంది. ఆ బండి వేగం గురించి ఉన్నమాటే చెబుతాను. ఒకసారి వేమూరు దగ్గర ఎవరో కిటికీలోంచి పుచ్చగింజ ఉమ్మితే, భట్టిప్రోలు చేరేలోగా దాని తీగ బండి వెనకే పాకుతూ వచ్చి ఆఖరి పెట్టె తలుపుకి చుట్టుకుని పూత పూసింది. కాయ కూడా కాసిందంటారు గానీ, నేను చూడనిది చెప్పను.

ఆ బండిలో కిటికీ పక్కన కూర్చుని అనసూయ కళ్ళు సగం మూస్తుంది. చూసేవాళ్ళు కునుకు తీస్తోందనుకుంటారు. శ్రావణంలో అటూ ఇటూ కొత్తగా నాట్లు పడిన మళ్ళు. పైరు ఇంకా కమ్ముకోలేదు కాబట్టి ఆకాశం మొత్తం పొలంలోనే ఉంటుంది. పైన ఒక మబ్బు, కింద ఒక మబ్బు, మధ్యలో ఒంటికాలి మీద కొంగ. తాను ఏ మబ్బులో నిలబడిందో కొంగకే తెలియదు. ఆ మళ్ళ మధ్య గట్టును అనసూయ మనసులోనే తీసేస్తుంది, మళ్ళీ వేస్తుంది. గట్టు తీస్తే ఒకటే మడి, వేస్తే రెండు మళ్ళు, నీళ్ళు మాత్రం అవే. విభాగ న్యాయం అంటే ఇంతే మామయ్యగారూ అని ఒకసారి నాతో చెప్పింది. నేను కాన్వెంటులో చదివినప్పుడు మా సిస్టరు అదే న్యాయాన్ని రూళ్ళకర్రతో చెప్పేది. ఆ పద్ధతిలో న్యాయం అరచేతి మీద పడేది, మడిలో నీళ్ళు మా కళ్ళలో కనిపించేవి.

అనసూయ పుట్టిల్లు బాపట్ల దగ్గర పిట్టలవానిపాలెం. తండ్రి యలమంద వరి రైతు. కూతుర్ని బాపట్లలో డిగ్రీ చదివించాడు, అదీ లెక్కల్లో. ఆదివారాలు స్కూటరు మీద ఆమెను సూర్యలంక తీసుకెళ్ళేవాడు. స్నానానికీ కాదు, షికారుకీ కాదు. ఆయనకి సముద్రం ఎదురుగా ఊరికే కూర్చోవడం ఇష్టం. తండ్రీకూతుళ్ళు ఇసకలో కూర్చునేవారు. ఆయన ఏమీ మాట్లాడేవాడు కాదు, ఈమె ఏమీ అడిగేది కాదు. సున్నా అంటే ఏమిటో తనకి అక్కడే తెలిసిందని అనసూయ అంటుంది. పక్కన వచ్చి కూర్చున్నా మనల్ని మనలాగే ఉండనిచ్చేది సున్నా. ఒకటి ఇంకో రకం. అల వెనక్కి వెళ్ళాక తడి ఇసక అద్దంలా మెరుస్తుంది చూడండి, అందులో ఎవరు వంగితే వాళ్ళే కనబడతారు. కూడికలో సున్నా, గుణకారంలో ఒకటి. ఏ సంఖ్య వచ్చినా మార్చకుండా వచ్చినదాన్ని వచ్చినట్టే పంపించేవి ఆ రెండే. పుస్తకంలో వాటిని తత్సమాంశాలంటారు. ఈ సంగతి పిల్లలకి తన నోటితో చెప్పాలని ఆమెకి ఆ ఇసకలో కూర్చున్ననాటి నుంచీ కోరిక.

పెళ్ళయి అంగలకుదురు వచ్చాక స్కూల్లో ఉద్యోగమైతే దొరికింది. లెక్కలు దొరకలేదు. లెక్కలు పాండురంగారావు మాస్టారి సొంత ఆస్తి. అనసూయకి చిన్న క్లాసుల తెలుగు, కుట్లు అల్లికలు, జెండా పండక్కి రంగుకాగితాలు కత్తిరించడం. కాగితాలు కత్తిరిస్తూ కూడా ఆమె త్రికోణాలు, సమాన భాగాలు అని ఏవో గొణుక్కునేదట. తోటి టీచర్లు ఆమెని కలల అనసూయ అనేవారు.

ఈ ఏడు పాండురంగారావు మాస్టారు కంటి ఆపరేషనుకి సెలవు పెట్టాడు. ఆయన వచ్చేదాకా ఏడో తరగతి లెక్కలు అనసూయ చేతికొచ్చాయి. హెడ్మిస్ట్రెస్ ప్రమీలారాణి మనిషి మంచిదే గానీ మాట పొదుపు. ఆమె ఒకటే చెప్పింది. శ్రావణమాసంలో వరలక్ష్మీవ్రతం మర్నాడు, శనివారం, తాను వచ్చి వెనకబెంచీలో కూర్చుంటుంది. పిల్లలకి బ్రాకెట్లు విప్పడం వస్తే ఆ సెక్షను ఇక అనసూయదే. రాకపోతే మాస్టారు రాగానే మళ్ళీ కుట్లు అల్లికలు. ఆ మాట విన్నరోజు అనసూయ రేపల్లె నుంచి తెనాలి దాకా నిలబడే వచ్చింది. సీట్లన్నీ ఖాళీ. కూర్చోవాలని తోచలేదు.

సున్నా, ఒకటి పిల్లలకి తేలిగ్గానే ఎక్కాయి. సున్నాకి ఏం ఉదాహరణ చెప్పిందో నాతో అనలేదు గానీ, మా మోహనకృష్ణను చెప్పి ఉంటుందని నా అనుమానం. అనసూయ మొగుడు మోహనకృష్ణకి తెనాలిలో ఎరువుల కొట్టు. సాయంత్రం వచ్చి ఉయ్యాలబల్ల మీద కూర్చుంటే, వాడు రాకముందు ఇల్లు ఎలా ఉందో వచ్చాకా అలాగే ఉంటుంది. అది కూడిక. గొడవల దగ్గర మాత్రం వాడు గుణకారంలో సున్నా. అత్తాకోడళ్ళ మధ్య ఎంత పెద్ద తగువు నడుస్తున్నా, వాడొచ్చి "సరేలే" అన్నాడంటే అక్కడ ఇక ఏమీ మిగలదు.

కష్టం బ్రాకెట్టు దగ్గర వచ్చింది.

బోర్డు మీద 4(x + 3) అని రాసి విప్పమంటే ఇద్దరు తప్ప క్లాసు మొత్తం 4x + 3 అని రాసింది. బయటున్న నాలుగు లోపలున్న ఇద్దరినీ గుణించాలి, 4x + 12 రావాలి. పిల్లలు ఎక్స్‌ను గుణించి చేతులు దులుపుకున్నారు. మూడు జోలికి పోలేదు. అనసూయ రైల్లో చూసిన మళ్ళు, గట్లు బోర్డు మీద గీసి చూపింది. పిల్లలకి బాగా నచ్చాయి. ముచ్చటగా ఆకుపచ్చ రంగు వేశారు, ఒకడు గట్టు మీద కొంగను కూడా పెట్టాడు. దాని కింద 4x + 3 అని రాశారు.

వీధుల్లో అప్పటికే కుంకుమ భరిణెలు పట్టుకుని పేరంటానికి పిలిచే ఆడవాళ్ళు తిరుగుతున్నారు. క్లాసు కిటికీలోంచి ఇద్దరు వెళ్ళడం చూసి అనసూయకి దారి దొరికినట్టయింది. బ్రాకెట్టు అంటే ఇల్లు అనుకోమంది పిల్లల్ని. లోపల పెద్దవాళ్ళు ఎంతమందో వీధిలోంచి తెలియదు, కాబట్టి వాళ్ళు ఎక్స్. కోడళ్ళు ముగ్గురు. బయటున్న నాలుగేమో పేరంటంలో మనిషికిచ్చే నాలుగు వస్తువులు. కుంకుమ, గంధం, పువ్వులు, శనగల పొట్లం. మరి ఆ ఇంటి మొత్తానికి ఎన్ని ఇవ్వాలి?

ముందుబెంచీలో జెన్నిఫర్ అనే పిల్ల లేచింది. "మేం చర్చివాళ్ళం గదండి టీచర్. మాకు బొట్టు పెట్టరు. మరి మమ్మల్ని దేంతో గుణిస్తారండి?"

"నీకు కుంకుమ బదులు ఇంకో మూర పువ్వులు. నాలుగుకి నాలుగూ సరి," అంది అనసూయ. జెన్నిఫర్ తృప్తిగా కూర్చుంది. క్లాసంతా తలలూపింది. ఆ సాయంత్రం అనసూయ బండిలో కళ్ళు పూర్తిగా మూసుకుని, నవ్వుతూ, తెనాలి దాటి కొలకలూరు వైపు ఎక్కడికో వెళ్ళిపోయేదే గానీ, ఆ బండి తెనాలితో ఆగిపోతుంది కాబట్టి దిగింది.

మర్నాడు చూస్తే అందరివీ 4x + 3. అంతకుముందు పొరపాటున సరిగ్గా చేసిన ఇద్దరు కూడా దిద్దుకుని మరీ 4x + 3 చేశారు.

ఆమె లెక్కను తిరగేసి 4(3 + x) అని ఇచ్చింది. పిల్లలు మూడును దాటుకుంటూ వెళ్ళి ఎక్స్‌నే గుణించి 3 + 4x అన్నారు. ఎక్స్ తీసేసి 5(2 + 7) ఇచ్చింది. క్లాసులో గుసగుసలు. చివరికి మనీషా అనే పిల్ల అడిగింది, "ఇద్దరిలో ఎవరు పెద్దండి టీచర్? ఏడేనా?"

అనసూయ చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. పెద్దవాళ్ళతో ఏం పని అని అడిగింది.

మనీషా ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది. "పెద్దావిడకి పెడితే చాలు గదండి. లోపలివాళ్ళకి ఆవిడే చెప్పుద్ది. మా లోగిట్లో అంతేనండి. మా నాయనమ్మకి వాకిట్లోనే బొట్టు పెట్టేసి వెళ్ళిపోతారు. పెద్దావిణ్ణి దాటి లోపలికి వెళ్తే తప్పండి."

"ఎక్స్ ఎందుకు పెద్ద?"

"ఎంతో తెలీదు గదండి. వయసు తెలీనోళ్ళే పెద్దోళ్ళు."

క్లాసంతా అవునన్నట్టు చూసింది. ఆ పిల్లలకి లెక్క రాక కాదు. పేరంటం బాగా తెలిసే తప్పు చేస్తున్నారు. ఆమె చెప్పిన ఉదాహరణ ఆ తప్పుకి గుంజ పాతి కట్టినట్టయింది. అంకెలు కూడి చూపిస్తే అవునండి, నలభై అయిదేనండి అని ఒప్పుకున్నారు. ఎక్స్ ఉంటే మాత్రం మర్యాద వేరన్నారు.

ఆ సాయంత్రం బండిలో ఆమె కళ్ళు తెరిచే ఉంచింది. మళ్ళలో మబ్బులు వాన నీళ్ళకి చెదిరి ఏ గట్టుకీ లోబడకుండా పోతున్నాయట. మనీషా మాటలో తన ఇల్లు కనబడింది ఆమెకి. మా కోటేశ్వరమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. పిలవడానికి వచ్చినవాళ్ళు అక్కడే బొట్టు పెడతారు. "కోడలికి నేను చెబుతాలే" అంటుంది మా చెల్లెలు. చెప్పడం మరిచిపోతుంది. చెడ్డతనం కాదు, బొట్టు తన నుదుటి మీద పడ్డాక పిలుపు పని అయిపోయిందని ఆమె నమ్మకం. పెళ్ళయిన కొత్తలో అనసూయ ఒకటి రెండుసార్లు అత్తగారి వెంట వెళ్ళింది. తాంబూలాలిచ్చే చోట, ఈ అమ్మాయి ఎవరు అని అడిగారు. ఆ తరవాత వెళ్ళడం మానేసింది. పేరంటాల సాయంత్రాలు వంటింటి కిటికీ దగ్గర నిలబడి, వీధిలో చీరల రంగులు ఒకదాని వెనక ఒకటి కదిలిపోవడం చూసేది. ఇన్నేళ్ళూ ఆమె బ్రాకెట్టు లోపలే ఉంది, మూడులా.

గురువారం మా కోటేశ్వరమ్మ మోకాలు వాచింది. మర్నాడే ఇంట్లో వరలక్ష్మీవ్రతం. పిలుపులకి వెళ్ళడం ఆమె వల్ల కాలేదు. భరిణె అనసూయ చేతికిచ్చి, నేనక్కడే కాఫీ తాగుతుండగా, జాగ్రత్తలు చెప్పింది.

"వాకిట్లో పెద్దావిడ ఉంటది. పెట్టి వచ్చెయ్. లోపలికంటా పోయి వాళ్ళ వంటింటి గిన్నెలు లెక్కపెట్టమాక."

"అట్లాగే అత్తయ్యా," అంది అనసూయ. కళ్ళు మాత్రం రైల్లో ఉన్నట్టే ఉన్నాయి. నాకు అప్పుడే అర్థమైంది, ఈ పిల్ల వినలేదని. చెల్లెలికి చెప్పాల్సింది. చెబితే సరదా ఏముంది?

ఆ సాయంత్రం అనసూయ ప్రతి ఇంట్లోనూ పెద్దావిడకి బొట్టు పెట్టి, ఆవిడని దాటి లోపలికి వెళ్ళింది. వంటింట్లో ఉన్నవాళ్ళని వంటింట్లో, పెరట్లో బట్టలు తీస్తున్నవాళ్ళని పెరట్లో, పసిపిల్లకి నీళ్ళు పోస్తున్నవాళ్ళని ఆ తడిచేతుల్తోనే, పేరు అడిగి మరీ పిలిచింది. మిల్లువారింట్లో ముగ్గురు కోడళ్ళు. చిన్నకోడలు లక్ష్మీదుర్గ కాపురానికి వచ్చి ఏడాది దాటినా ఆ వీధిలో ఆ పిల్ల పేరు ఎవరికీ తెలియదు. అనసూయ బొట్టు పెట్టబోతే వెనక ఎవరున్నారా అని తిరిగి చూసిందట.

ఇలా ఇల్లిల్లూ తిరిగొచ్చిన ఈ లెక్కల టీచరు, అత్తగారు శనగలు ఎన్ని నానబెట్టిందో మాత్రం అడగలేదు. అత్తగారు ఏటా నానబెట్టినట్టే నానబెట్టింది, ఇంటికొక పెద్దావిడ చొప్పున. గంధం కూడా ఆ లెక్కకే తీసింది. పువ్వులూ అంతే. పెద్దవాళ్ళని నాలుగుతో గుణించి ఊరుకున్న లెక్క తన ఇంట్లోనే గిన్నెలో నానుతోందని అనసూయకి తోచలేదు. ఆ రాత్రి ఆమె పడుకుని బ్రాకెట్ల గురించే ఆలోచించింది.

శుక్రవారం అనసూయ స్కూలుకి సెలవు పెట్టింది. సాయంత్రం వాన వెలిసి వీధి పసుపురంగు వెలుతురులో తేలుతోంది. నేను అరుగు మీద కుర్చీలో ఉన్నాను. ముందు పెద్దవాళ్ళు వచ్చారు, ఏటా వచ్చేవాళ్ళే. తరవాత వీధి చివర నుంచి కోడళ్ళు రావడం మొదలైంది. నేను కళ్ళారా చూసింది చెబుతున్నాను, ఆ వరస తెనాలి స్టేషను దాకా ఉంది. స్టేషన్లో గార్డు అది చూసి ఏదో స్పెషలు బండి అనుకుని పచ్చజెండా ఊపాడు. వాకిట్లో విడిచిన చెప్పులు కాలవ గట్టెక్కి అవతల దిగాయి. ఎప్పుడూ బయట కనబడని ముఖాలు, దీపాల వెలుగులో ఒక్కొక్కటే గుమ్మం దగ్గర తేలి, లోపలికి వెళ్ళాయి. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. మల్లెల వాసన, తడి మట్టి వాసన, గాజుల చప్పుడు. నాకు కాసేపు ఇది మన వీధేనా అనిపించింది.

అప్పుడు శనగలు అయిపోయాయి. వెంటనే పువ్వులు. గంధం గిన్నె అడుగు కనబడింది. మా కోటేశ్వరమ్మ మోకాలి నొప్పి మరిచిపోయి నిలబడింది. అయిపోనిది భరిణెలో కుంకుమ ఒక్కటే. వెనక వచ్చిన కోడళ్ళందరికీ అనసూయ కుంకుమ మాత్రం పెట్టింది, ముఖం ఎర్రబడుతుండగా.

మిల్లువారి కోడళ్ళు ఆఖరున వచ్చారు. వాళ్ళ అత్తగారు అప్పటికే పొట్లం, పువ్వులు చేతిలో పట్టుకుని, గంధం పూసిన మెడతో అరుగు దిగుతోంది. లక్ష్మీదుర్గ తన ఖాళీ చేతులు చూసుకుని, అత్తగారి చేతులు చూసింది.

"పిలుపు మాకు, శనగలు మా అత్తకా అక్కా?"

నవ్వుతూనే అంది. అయినా అందరూ విన్నారు. అనసూయ చూపు ఖాళీగా ఉన్న ఆ మూడు జతల చేతుల మీద చాలాసేపు నిలిచిపోయింది. సిగ్గుపడుతోందనుకున్నాను నేను. తరవాత చెప్పింది, అప్పుడు తనకి బోర్డు కనబడిందట.

వాళ్ళు వెళ్ళాక మా చెల్లెలు కోడల్ని ఎదురుగా నిలబెట్టింది. ఊళ్ళో తలెత్తుకోలేకుండా చేశావంది. పెద్దావిడలు నలుగురు అప్పుడే ఫిర్యాదు చేసి వెళ్ళారంది. లెక్కలు చదివావు గదా, శనగలు లెక్కపెట్టడం రాదా అంది. నేను మధ్యలో, నీకు మాత్రం మనుషుల్ని లెక్కపెట్టడం వచ్చా అన్నాను. "నువ్వూరుకో అన్నయ్యా, మంట పెట్టి చలి కాచుకుంటావు నువ్వు" అంది. నిజమే. మోహనకృష్ణ ఉయ్యాలబల్ల మీంచి లేచాడు. సరేలే అన్నాడు. ఇక ఏమీ మిగలలేదు.

శనివారం ప్రమీలారాణి చెప్పినట్టే వచ్చి వెనకబెంచీలో కూర్చుంది. అనసూయ రాసి తెచ్చుకున్న పాఠం బల్ల మీదే వదిలేసింది. నిన్న మా ఇంట్లో పేరంటం జరిగింది అని మొదలుపెట్టింది. పిలుపులకి ఎలా వెళ్ళిందో, ఎవరెవరు వచ్చారో, ఏమేం అయిపోయాయో, ఏదీ దాచకుండా చెప్పింది. పిల్లలు బెంచీల మీద ముందుకి జరిగారు. ఒక ఇంటి లెక్క మాత్రం తీసుకుందాం అంది. పెద్దవాళ్ళు ఎక్స్, కోడళ్ళు ముగ్గురు, ఇవ్వాల్సినవి తలా నాలుగు. నిన్న నేను ఆ ఇంటికి నిజంగా ఇచ్చింది ఎంతో వచ్చి రాయమని మనీషాను పిలిచింది.

మనీషా బోర్డు దగ్గరికి వచ్చి, ఏమాత్రం తడుముకోకుండా 4x + 3 అని రాసింది.

వెనకబెంచీ కిర్రుమంది. ప్రమీలారాణి తల పక్కకి తిప్పి కిటికీలోంచి చూస్తోంది. మాస్టారు రావడానికి ఇంకా ఎన్నాళ్ళుందో లెక్కపెడుతున్నట్టు ఉందట ఆమె వాలకం.

"సరిగ్గా రాశావు. నిన్న మా ఇంట్లో జరిగింది ఇదే," అంది అనసూయ. "పెద్దవాళ్ళకి తలా నాలుగు. మరి ఈ మూడును నేను దేంతో గుణించాను?"

బయట రిక్షా గంట వినబడింది. జెన్నిఫర్ మెల్లగా చెయ్యెత్తింది.

"ఒకటితోనండి. కుంకుమ ఒక్కటే గదండి ఇచ్చారు."

"ఒకటితో గుణిస్తే ఏమవుద్ది?"

"మూడు మూడే అండి. వచ్చినట్టే వెళ్ళారు."

అనసూయ ఇంకేమీ చెప్పలేదు. తడి ఇసక మీద తండ్రి పక్కన కూర్చున్నప్పటిలా ఊరుకుంది. మనీషా బోర్డు ముందే నిలబడి ఆ మూడునే చూస్తోంది. కాసేపటికి, వాళ్ళేమన్నారండి అని అడిగింది.

"పిలుపు మాకు, శనగలు మా అత్తకా అన్నారు."

క్లాసు గొల్లుమంది. మనీషా నవ్వలేదు. "మా అమ్మా లోపలే ఉంటదండి," అంది, బోర్డుతో చెబుతున్నట్టు. అరచేత్తో మూడును తుడిచేసింది. ఆ చోట పన్నెండు రాసింది. సుద్ద అంటిన చేతిని లంగాకి రాసుకుని, వెనక్కి వెళ్ళబోయి, మళ్ళీ వచ్చి, పన్నెండు కింద ఒక గీత గీసింది.

ప్రమీలారాణి లేచి ముందుకొచ్చింది. సుద్ద అడిగి తీసుకుంది. 6(y + x + 1) అని రాసి, పిల్లల్లో ఎవరినో ఒకరిని కాకుండా, వరసలో చివర కునుకుతున్నవాణ్ణి లేపింది. వాడు కళ్ళు నులుముకుని, లోపల ఎంతమంది ఉంటే అంతమందికీనండి అన్నాడు. రాయమంటే 6y + 6x + 6 రాశాడు. ఇంకొకరిని లేపింది. 5(2 + 7) వేయించింది. ఈసారి ఎవరు పెద్ద అని ఎవరూ అడగలేదు. పదీ ముప్పయ్యైదూ కలిపి నలభై అయిదు చేశారు.

ఆమె సుద్ద తిరిగి ఇచ్చేసింది. వెళుతూ గుమ్మం దగ్గర ఆగింది.

"పాండురంగారావు గారు వచ్చాక ఎనిమిది, తొమ్మిది చూసుకుంటారు. ఈ సెక్షను మీరే ఉంచుకోండి అనసూయగారూ. కుట్లు అల్లికలకి ఇంకెవరినైనా చూస్తాను." రెండడుగులు వేసి మళ్ళీ తిరిగింది. "వచ్చే ఏడు మీ ఇంట్లో పేరంటమైతే స్టాఫ్‌రూములో నాకు ఒక్కదానికే చెప్పి ఊరుకోకండి."

అనసూయ తలూపింది. కిటికీలోంచి వానగాలి వచ్చి బోర్డు మీద సుద్దపొడిని కొంచెం లేపింది, అది వెలుతురులో తేలుతూ, ఎక్కడ వాలాలో తెలియనట్టు అక్కడే ఉంది. గంట కొట్టడానికి ఇంకా టైముంది. సెక్షను తనదే కాబట్టి తొందర లేదు. ఆమె బోర్డు తుడిచి 4(x − 3) అని రాసింది.

పిల్లలు ఆ అడ్డగీతను అనుమానంగా చూశారు.

"మైనస్ అంటే ఎవరండి టీచర్, లోపల అలిగి కూర్చున్నోళ్ళా?" అంది మనీషా.

"అనుకో."

"వాళ్ళకి కూడా పెట్టాలాండి?"

"పెట్టాలి."

మనీషా లేచి వచ్చి 4x − 12 రాసి, తాను రాసినదాన్ని తానే చూసి కంగారుపడింది. "పెడితే అలక నాలుగింతలైంది గదండి!"

అనసూయ నవ్వడం మొదలుపెట్టింది. అలా నవ్వుతూనే, ఇప్పుడేం చెప్పాలా అని ఆలోచించుకుంటూ, ఇంకో సుద్దముక్క అందుకుంది.